బోరు గుంటల సుద్ద

మా అమ్మ ఎవరింటికి పోయినా ముందు మనుషుల ముఖాలు చూడదు, గోడలు చూస్తుంది. సున్నం పెచ్చులు లేచి ఉంటే ఆ ఇంటి కోడలు సోమరిపోతు. అరుగు అంచున ఎర్రమన్ను గీత వంకరపోతే ఆ ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ పడటం లేదు. ఆమె తీర్పులు అట్లా ఉండేవి, వాటి మీద అప్పీలు లేదు. మా చెల్లెలూ నేనూ చాటుగా నవ్వుకునేవాళ్ళం. పెళ్ళయి నేను ఆదోనిలో మిల్లుల వెనక వీధికి వచ్చిన కొత్తలో ఆమె మా సిమెంటు గోడలన్నీ వరసగా తడిమి చూసింది. చివరికి, "దీనికి పని లేదే, ఇంక నువ్వేం జేస్తావు పొద్దస్తమానం?" అంది.

పుట్టింటి ఊరు పత్తికొండకూ ఆదోనికీ మధ్య, కొండ పక్కన. వాన పడితే పంట, లేకుంటే లేదు. ఊరి వెనక అడవి. అడవి అనగానే ఆకాశాన్నంటే మానులు అనుకునేరు, మాది అంత గొప్పది కాదు. బండల మధ్య సీతాఫలం చెట్లు, తుమ్మ, రేల, బలుసు పొదలు. మేకలకు మేత అక్కడే, పొయ్యిలోకి కట్టెలు అక్కడివే. సీతాఫలం కాయ కన్ను విచ్చే కాలంలో మా ఊరి ఆడవాళ్ళు గంపలకెత్తి ఆదోని బస్టాండులో కూర్చుని అమ్ముతారు. నేను కూడా పెళ్ళికి ముందు రెండు మూడేళ్ళు అట్లా కూర్చున్నదాన్నే, బేరాలాడేవాళ్ళతో పోట్లాడి పోట్లాడి నా నోరు అక్కడే పదునెక్కింది.

అడవిలో అన్నీ దొరుకుతాయి గానీ మంచి సుద్ద దొరకదు. మట్టిమిద్దెలకు ఉగాది ముందు గోడలన్నీ తెల్లగా పూయాలి. దానికి కావలసిన తెల్లసుద్ద కోసం ఆడవాళ్ళు ఎండలో దూరం నడిచి, పాత గుంటల్లో గీకి గీకి తెచ్చుకుంటారు. అందులో సగం రాళ్ళు, ఇసుక. ఎవరికైనా మెత్తటి సుద్ద కనబడితే దాచుకోకుండా నలుగురికీ చెప్పడం ఊళ్ళో మర్యాద. దాచుకున్న ఆడదాన్ని ఏడాదంతా ఎత్తిపొడుస్తారు.

ఆ సుద్దకు ఇంకో వాడకం ఉంది. కడుపుతో ఉన్న ఆడది మట్టి తినడం మా వైపు వింత కాదు. తడిసిన గోడ వాసనకు నోట్లో నీళ్ళూరతాయి, ఎంత బిగబట్టుకున్నా చెయ్యి గోడ మీదికి పోతుంది. డాక్టరమ్మలు కోప్పడతారు, రక్తం తక్కువైందంటారు, మాత్రలు రాస్తారు. మేం మాత్రలూ మింగుతాం, మట్టీ తింటాం. నేను మా వాడు కడుపులో ఉన్నప్పుడు సిమెంటింట్లో ఉండి బలపాలు నమిలాను. అంగడాయన మా ఇంట్లో ఎంతమంది బడిపిల్లలున్నారో అని ఆశ్చర్యపోయాడు.

రెండేళ్ళ కిందటి చలికాలంలో అడవిలోకి బోరు లారీలు వచ్చాయి. నీళ్ళకోసమనే అనుకున్నారు అందరూ. "మన మీద సర్కారుకు ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందబ్బా" అని మా నాయన ఆశ్చర్యపోయి, చూసి రావడానికి పోయాడు. బోరు వేసేవాళ్ళది హిందీ. ఒకాయన మాత్రం తెలుగులో "పరీక్షలు పెద్దాయనా" అన్నాడట. భూమిలోంచి పొడుగాటి రాతి కడ్డీలు తీసి చెక్కపెట్టెల్లో వరసగా పేర్చుకుంటున్నారని, నీళ్ళు పడితే వాళ్ళకు సంతోషం కాకపోగా చిరాకు పడుతున్నారని మా నాయన వచ్చి చెప్పాడు. నీళ్ళు వద్దనే బోరు ఆయన జీవితంలో చూడలేదు.

ఒక్కో బోరు పక్కన ఒక గుంట. రాయిని తొలిచిన పిండి నీళ్ళతో కలిసి ఆ గుంటలోకి పారేది. లారీలు ఇంకో చోటికి జరిగాక గుంటలు ఎండిపోయాయి. మాఘమాసం పోయాక మేకల వెనక పోయిన ఒకామె చూసింది: అడుగున తెల్లగా, బూడిదరంగు కలిసి, వేలితో నొక్కితే వెన్నలాగా దిగే సుద్ద. రాయి లేదు, ఇసుక లేదు. మర్యాద ప్రకారం ఆమె ఊరందరికీ చెప్పింది. ఊరందరూ గంపలతో పోయారు. మా అమ్మ అందరికంటే ముందు పోయింది.

ఉగాదికి నేను పోయేసరికి మా ఊరు మెరిసిపోతోంది. మా మిద్దె లోపలా బయటా, పొయ్యి గడ్డ, దేవుడి గూడు, అన్నీ నున్నగా తెల్లగా ఉన్నాయి. మా అమ్మ నన్ను గోడ దగ్గరికి పట్టుకుపోయి, "తడిమి సూడు, నీ సిమెంటు దీని ముందర పనికొస్తాదా?" అంది. తడిమాను. నిజంగానే బాగుంది. అంత సంతోషంగా ఆమెను చూసి చాలా ఏళ్ళయింది.

ఆ సంతోషానికి గోడలొక్కటే కారణం కాదు. మా చెల్లెలికి నాలుగో నెల. ఎమ్మిగనూరులో నేతపని చేసేవాళ్ళింటికి ఇచ్చాం దాన్ని. మొగుడు మంచివాడు, అత్త గట్టిది గానీ చెడ్డది కాదు. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ బరువులెత్తకూడదు, మగ్గం ముందు కూర్చోకూడదు అన్నదని ముందే పుట్టింటికి తెచ్చి పెట్టుకున్నారు. కిటికీ కింద నులకమంచం, దాని మీద మా చెల్లెలు, రోజంతా. దానికి కాళ్ళు కిందపెట్టే పని కూడా లేకుండా అమ్మ చూసుకుంటోంది. "ఈసారి నిలుస్తాది" అని అమ్మ ఎన్నిసార్లు అన్నదో, అన్నప్పుడల్లా దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

పండగయిన మర్నాడు మగవాళ్ళందరూ కైరుప్పల జాతరలో జనం రెండు జట్లుగా పిడకలతో కొట్టుకునేది చూడ్డానికి పోయారు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు ఆ మాట మోసుకొచ్చారు. అక్కడ జనంలో ఎవరో అన్నారట, మీ అడవిలో తవ్వుతున్నది యురేనియం కోసమని. మా నాయన ఆ మాటను సరిగ్గా పలకలేక మూడు రకాలుగా అన్నాడు. రెండు రోజుల్లో ఫోన్లన్నింట్లో అదే. ఎక్కడెక్కడివో వీడియోలు. ఆకులు ఎర్రబడి చచ్చిన అడవులు, తెల్ల ముసుగుల మనుషులు చెట్లు నరికి మట్టిలో పూడ్చడం, కాళ్ళు వంకరపోయిన పిల్లలు. ఏది నిజమో, ఏ దేశందో, ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ట్రాక్టర్లు అడ్డం పెట్టి రోడ్డు మీద కూర్చున్నారు. అప్పుడు గానీ అధికారులు రాలేదు.

బడి ముందు షామియానా వేశారు. నేను ఇంకా ఆదోనికి పోలేదు, చెల్లెలి కోసం ఉండిపోయాను. వచ్చిన సారు మర్యాదస్తుడే. ఇది పరీక్ష మాత్రమే, గని కాదు, భయపడాల్సిన పని లేదు, ఇట్లాంటి రాయి భూమిలో ఎప్పటినుంచో ఉన్నదే, అని నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు ఆడవాళ్ళలోంచి ఒకామె లేచి, "మరి ఆ సుద్ద పూసుకున్నేము గదప్పా, దానికేం కాదు గదా?" అంది.

సారు ఆమె వైపు తిరిగాడు. "ఏ సుద్ద?" అన్నాడు.

చెప్పారు. బోరు గుంటల్లోదని, మెత్తగా ఉందని, ఊరంతా పూసుకున్నామని. ఆయన పక్కనున్న ఆయన వైపు చూశాడు. ఆ పక్కనాయన నేల చూపులు చూశాడు. వాళ్ళు గుంటలు పూడ్చకుండా వదిలేసినప్పుడు ఎవరైనా వచ్చి ఆ బురదను గంపలకెత్తుకుని ఇంటికి తీసుకుపోతారని వాళ్ళ ఊహకు వచ్చి ఉండదు. మా ఊహకు అది వదిలెయ్యదగ్గ వస్తువని రాలేదు.

"ఏమీ కాదమ్మా," అన్నాడు సారు. "అయినా ఆ మట్టిని ఇళ్ళల్లో వాడకండి. పూసింది ఉంటే తీసెయ్యండి."

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను. "ఏం కాదంటిరి. తీసెయ్యమంటిరి. రెండిట్లో యాదో ఒకటి సెప్పండి సార్, మేం అది పట్టుకోని ఇంటికి పోతాం."

"ముందు జాగ్రత్త కోసం," అన్నాడాయన. శాంపిళ్ళు తీసుకుంటామన్నారు, తీసుకుపోయారు కూడా, మా ఇంటి గోడ నుంచి చిన్న కవరులో గీక్కుని మరీ. ఆ కవరులో ఏం తేలిందో ఇప్పటికీ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇంటికి వచ్చాను. చెల్లెలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సభలో అన్న మాటలు దానికి అప్పటికే ఎవరో చేరవేశారు. నేను పక్కన కూర్చోగానే అది తలగడ జరిపింది. మంచం పట్టె ఎత్తున గోడలో గుంట. అన్నం ముద్ద పట్టేంత గుంట, గోళ్ళ గీతలతో సహా.

"అక్కా, నేను తినినాను," అంది. "దినామూ తినినాను. నోరు ఆగల్యా."

వెనక గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. వసారాలోకి పోయి గడ్డపార తెచ్చి కిటికీ కింద గోడను పొడవడం మొదలుపెట్టింది. గది నిండా తెల్లటి దుమ్ము లేచింది, చెల్లెలు దగ్గుతోంది, అమ్మ పొడుస్తూనే ఉంది. "దాన్ని బయటికి పోనీ, నీకు బుద్ధి ఉండాదా!" అని నేను గడ్డపార పట్టుకుని గుంజితే ఇద్దరం కింద పడ్డాం. ఆ సాయంత్రమే ఆటో మాట్లాడుకుని చెల్లెల్ని ఆదోనికి తెచ్చేశాను.

ఆదోనిలో డాక్టరమ్మ స్కానింగు చేసి బిడ్డ బాగుందన్నది. మట్టి సంగతి చెప్తే, మట్టి తినకూడదమ్మా అని రోజూ అందరికీ చెప్పే మాటే చెప్పింది. ఇది ఆ మట్టి కాదమ్మా అని విడమరిచాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "నాకు తెలీదు," అంది. ఆ మాట అన్నందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది, అదే మాటకు చెల్లెలి ముఖం పాలిపోయింది. కర్నూలు పెద్దాసుపత్రికి పోతే వాళ్ళూ స్కానింగు చేశారు, వాళ్ళూ బాగుందన్నారు. ఒంట్లో ఆ విషం చేరిందో లేదో చూసే పరీక్ష ఇక్కడ లేదు, బోరు వేసినవాళ్ళనే అడగమన్నారు. బోరు వేసినవాళ్ళ గుడారాలు అప్పటికే పీకేశారు.

ఎమ్మిగనూరు నుంచి చెల్లెలి అత్త వచ్చింది. కూర్చుంది, కాఫీ తాగింది, మా ఇంటి ఫ్యాను కింద చెమట తుడుచుకుంది. చివరికి నా వైపు చూసి అంది, "ఏమమ్మా, అనుమానంతో కనేదాని కంటే ఇప్పుడే తీయించేస్తే మేలు గదా? ఇద్దరికీ వయసుండాది. మళ్ళా సూసుకుందురు." ఆమె రాక్షసి కాదు. వీడియోలు ఆమె కూడా చూసింది.

మా చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషి. అత్త ముందు తలెత్తేది కాదు. ఆ రోజు ఎత్తింది. "ముందర ఇద్దరు పోయినారు గదత్తా. వాళ్ళు మట్టి తిని పోయినారా?" అంది. అత్త లేచి, దాని తల మీద చెయ్యి పెట్టి, బస్సుకు పోయింది.

ఒకరోజు మధ్యాహ్నం చెల్లెలు ఊరి నుంచి తెచ్చుకున్న తలగడ గలీబు ఉతుకుదామని విప్పితే అందులోంచి నిమ్మకాయంత సుద్దముద్ద జారి పడింది. ఒక వైపు పళ్ళ గుర్తులున్నాయి. చెల్లెలు స్నానం చేసి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నేను దాన్ని కొట్టడానికి చెయ్యెత్తాను, కడుపు చూసి దించుకున్నాను. అది ఏడుస్తూ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "నేను తినలేదక్కా, ఈడికి వచ్చినాక ఒకేసారి కొరికినాను. వాసన సూస్తాంటాను అంతే. పారెయ్యి, నా కండ్ల ముందర లేకుండా పారెయ్యి. నువ్వు పారేయకుంటే నేను తింటాను."

ప్లాస్టిక్ కవరులో వేసుకుని వీధిలోకి వచ్చాను. ఎక్కడ పారెయ్యాలి? మోరీలో వేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? చెత్తకుప్ప మీద పందులు, మేకలు, ప్లాస్టిక్ ఏరుకునే ఆడవాళ్ళు. ఖాళీ జాగాలో పిల్లలు ఆడుతున్నారు. అంత ఆదోనిలో నిమ్మకాయంత మట్టికి చోటు దొరకలేదు నాకు. పిచ్చిదాన్లాగా అటూ ఇటూ తిరిగి, చివరికి బస్టాండుకు పోయి మా ఊరి బస్సెక్కాను.

అమ్మను వెంటబెట్టుకుని అడవికి పోయాను. వానలు మొదలై కాస్త పచ్చబడింది. సీతాఫలం చెట్లు ఆకు వేసి పిందె పట్టి ఉన్నాయి, ఏ చెట్టూ ఎర్రబడలేదు, ఏ కొమ్మా ఎండలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏదైనా చచ్చి ఉంటే ఇదిగో ఇక్కడ ఉంది అని వేలు పెట్టి చూపించవచ్చు. బోరు గుంటల్లో కొన్నింటిని పూడ్చారు, కొన్నింట్లో వాన నీళ్ళు నిలబడ్డాయి. మేకలు వంగి తాగుతున్నాయి. చుట్టూ చెట్ల వేళ్ళు ఆ గుంటల గట్లలోంచి బయటికి పొడుచుకొచ్చి మళ్ళీ లోపలికి దిగాయి. వచ్చిన చోటికే పోనీ అని నేను కవరు విప్పి ముద్దను నీళ్ళలోకి జారవిడిచాను. తెల్లగా పొగలాగా కరిగింది.

"గోడలది గీకి ఏం జేస్తివి?" అని అడిగాను అమ్మను.

"దిబ్బ మీద పోసినాను. ఇంక యాడ పోయల్ల?"

"దిబ్బ యాడుండాది ఇప్పుడు?"

ఆమె చేల వైపు చూసింది. నాకు అర్థమైంది. మా నాయన ఎరువు తోలేశాడు. శెనక్కాయ విత్తడానికి ముందు దిబ్బంతా చేనికి పోయింది. ఊళ్ళో చాలామందిది అంతే. అడవిలోంచి గోడకు, గోడ నుంచి దిబ్బకు, దిబ్బ నుంచి చేనికి. నేను అక్కడే నిలబడి అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం చేసి ఉండాల్సిందో నాకు మాత్రం తెలుసా? ఆమె అన్నీ వింది. "నేను పూసినాను గదా," అంది ఒక్కసారి, మెల్లగా.

భాద్రపదమాసంలో ఆదోనిలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఏడ్చింది, పాలు తాగింది, అందరు పిల్లల్లాగే ఉంది. నర్సు చేతిలోంచి తీసుకుని మా చెల్లెలు ముందు వేళ్ళు తడిమింది, తర్వాత కాళ్ళు, తర్వాత వీపు. అందరం ఏడ్చాం. అంతటితో అయిపోయిందనుకున్నాను నేను.

అయిపోలేదు. పిల్లకు జ్వరం వస్తే అదేనేమో. పన్ను ఆలస్యమైతే అదేనేమో. ఒంటి మీద దోమ కుట్టిన మచ్చ రెండు రోజులు ఉంటే చెల్లెలు నాకు ఫోన్ చేసి మాట్లాడకుండా ఏడుస్తుంది. బాలింతగా కూడా పుట్టింటికి పోలేదు. ఇప్పటిదాకా పిల్లను ఆ ఊరి పొలిమేర తొక్కనివ్వలేదు. ఎమ్మిగనూరులో అత్తగారిల్లు బండలు పరిచిన ఇల్లు. పిల్ల ఆ బండల మీదే పాకింది, ఆ బండల మీదే నడక నేర్చింది. మట్టి మీద కాలు పెట్టబోతే ఎత్తేస్తారు. అడిగినవాళ్ళకు జలుబు చేస్తుందని చెబుతారు.

మా అమ్మే పోతుంది చూడ్డానికి, అమావాస్యకో పున్నానికో. మొదట్లో చేనిలోని శెనక్కాయలు ఒడినిండా పట్టుకుపోయేది. చెల్లెలు వాటిని గడప లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఎమ్మిగనూరులో దిగి అక్కడే అరటిపండ్లు కొనుక్కుని పోతుంది. పోగానే పెరట్లో కొళాయి దగ్గర కాళ్ళు, చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. అక్కడే ఉంచిన వేరే చీర కట్టుకోవాలి. అప్పుడు గడప దగ్గరికి వచ్చి, కన్న కూతుర్ని అడుగుతుంది, "ఎత్తుకోనామ్మా?" అని. గోడలు చూసి ఊరందరికీ తీర్పులు చెప్పిన మనిషి.

పోయిన నెల నేనూ ఆమెతో పోయాను. అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "మోచేతుల దాకా కడుక్కున్యావా?" అంది చెల్లెలు. "కడుక్కున్యాను పాపా." "గోర్లల్లో?" అమ్మ తన గోళ్ళు చూసుకుంది. చెల్లెల్ని ఏమైనా అందామని నాకు నోటిదాకా వచ్చింది. అది అమ్మను అవమానించడానికి అడగడం లేదు. దాని కళ్ళల్లో ఉన్నది భయం. ఆ భయాన్ని తీసేసే మాట డాక్టరు దగ్గర లేదు, ఆ సారు దగ్గర లేదు, నా దగ్గర ఎక్కడుంటుంది? బస్టాండులో పదునెక్కిన నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాను.

పిల్ల లోపలినుంచి తప్పటడుగులతో వచ్చింది. మా అమ్మను చూసి నవ్వింది. దానికి ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. అమ్మ, నాయన, పాలు, కాకి. మా అమ్మ గడప అవతల వంగి రెండు చేతులూ చాపి, "అవ్వ అను, అవ్వ," అంది.

పిల్ల ఆ చేతులు చూసింది. ఆమెను చూస్తే ఆ ఇంట్లో అందరూ అనే మాట అదొక్కటే కదా, దానికి బాగా వచ్చు.

"కలుక్కో," అంది.

మా అమ్మ నవ్వబోయింది. తర్వాత చేతులు వెనక్కి తీసుకుని, కొళాయి దగ్గరికి పోయింది.